పప్పు ప్యాకెట్, బిస్కెట్ ప్యాకెట్: గ్రాముల్లో లెక్క

సంపాదకుల వారికి,

నమస్కారం. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, నూడుల్స్, మిక్చర్ ప్యాకెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. అంతకుముందు బిస్కెట్ల మీద 18, నూడుల్స్, మిక్చర్ల మీద 12 ఉండేది. లేబుల్ వేసి ప్యాకెట్ కట్టిన కందిపప్పు, మినపగుళ్ల మీద కూడా ఇదే 5 శాతం ఉంది. అంటే పన్ను కట్టేచోట పప్పు ప్యాకెట్టూ బిస్కెట్ ప్యాకెట్టూ ఇప్పుడు ఒకే వరసలో నిలబడ్డాయి. కిరాణా కొట్టులో విడిగా తూచి పొట్లం కట్టిచ్చే పప్పుకు మాత్రం పన్ను లేదు.

ఈ తగ్గింపుతో "ఇంట్లో చేసుకునే కంటే కొనుక్కోవడమే గిట్టుబాటు" అనే మాట బలపడింది. కొన్నింటి విషయంలో అది నిజమే, చాలావాటి విషయంలో కాదు. ఏది ఎటో తేలాలంటే ఎమ్మార్పీ ఒక్కటే చూస్తే సరిపోదు. అయిదు రూపాయల ప్యాకెట్ ఏళ్ల తరబడి అయిదు రూపాయలే ఉంటుంది, లోపలి బరువే తగ్గుతూ వస్తుంది. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో 'యూఎస్పీ' అని గ్రాముకు ఎంత పడుతుందో అచ్చు వేస్తున్నారు. దాన్ని వందతో హెచ్చిస్తే వంద గ్రాముల ధర. బజారులో చూడాల్సిన అంకె అదే.

వారానికి రెండు మూడు సార్లు అందరికీ కావలసిన ఇడ్లీ పిండితో మొదలుపెడతాను. నేను వేసే ధరలు ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి, నిష్పత్తి పెద్దగా మారదు. గ్లాసు మినపగుళ్లు, అంటే 200 గ్రాములు. అదే గ్లాసుతో రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, సుమారు 360 గ్రాములు. గుళ్లు కిలో 140, రవ్వ కిలో 50 అనుకుంటే మొత్తం 46 రూపాయలు. గ్రైండర్ అరగంట తిరిగినా కరెంటు రూపాయి కాదు. వచ్చే పిండి పన్నెండు వందల గ్రాములకు తగ్గదు, ముప్పై ఇడ్లీల దాకా అవుతాయి. కిలో ప్యాకెట్ 80 చొప్పున అంతే పిండి కొంటే 96 రూపాయలు. వారానికి రెండుసార్లు రుబ్బే ఇంట్లో నెలకు 400 మిగులుతాయి. నలుగురికి పది రోజుల పాల ఖర్చులో అది మంచి భాగమే.

అయితే పిండి పాడైతే ఆ లెక్క మొత్తం పోతుంది, అందుకే ఎక్కడ చెడుతుందో చెప్పాలి. గుళ్లు నాలుగు గంటలు నానితే చాలు. ఎండాకాలం రాత్రంతా నానబెడితే అప్పుడే పులుపు మొదలై, రుబ్బినప్పుడు గాలి పట్టదు. గ్రైండర్లో నీళ్లు ఒక్కసారి పొయ్యకుండా చిలకరిస్తూ పాతిక నిమిషాలు తిప్పాలి. చిన్న ముద్ద తీసి నీళ్లలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా తిరగాలి. మిక్సీలో అయితే గిన్నె వేడెక్కి పిండి పొంగు చచ్చిపోతుంది, కనుక చల్లటి నీళ్లు వాడి, ఆపి ఆపి తిప్పాలి. ఎక్కువమంది తప్పు చేసేది రవ్వ దగ్గర. రెండు మూడు నీళ్లు కడిగి నానబెట్టాక గుప్పెటతో నీళ్లు గట్టిగా పిండేసి వెయ్యాలి. ఆ నీళ్లు పిండిలోకి పోతే ఇడ్లీ అట్టులా పరుచుకుంటుంది. తప్పు గుళ్ల మీదకు నెట్టి తర్వాతిసారి సోడా వేస్తారు, జబ్బు ఒకచోట మందు ఇంకోచోట.

పులియడానికి ఎండాకాలం ఆరేడు గంటలు చాలు, పుష్యమాసంలో పన్నెండు గంటలైనా పడుతుంది. ఉప్పు పులుపును కొంత నెమ్మది చేస్తుంది కాబట్టి వేసవిలో రాత్రే కలపడం, చలికాలం పొద్దున కలపడం మంచిది. గిన్నె సగమే నింపాలి. ఆవిరి మీద పది పన్నెండు నిమిషాలకు మించి ఉంచితే గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో పిండి నాలుగు రోజులు ఉంటుంది. పులుపెక్కిన నాలుగో రోజు పిండి ఇడ్లీకి పనికిరాకపోయినా దిబ్బరొట్టెకూ పునుగులకూ బాగుంటుంది.

ఇంత చెప్పినా, తడి పిండి ప్యాకెట్ మీద ఆరోగ్యపరంగా నాకు ఫిర్యాదు లేదు. లేబుల్ మీద బియ్యం, మినపప్పు, నీళ్లు, ఉప్పు, మెంతులు తప్ప ఇంకేమీ లేకపోతే అది మన పిండే, ధర ఎక్కువ అంతే. ఒక్కరో ఇద్దరో ఉండే ఇంటికి అరకిలో ప్యాకెట్టే నయం, రుబ్బిన పిండి సగం పారబోసే కంటే. పొడి ఇన్‌స్టంట్ మిక్స్ మాత్రం వేరే సంగతి. పులిసే పని అందులో జరగదు, ఆ పొంగు సోడాది. పులియబెట్టిన పిండికీ దానికీ పోలిక పేరులోనే ఉంది.

అసలు లెక్క వెయ్యాల్సింది నూడుల్స్, పాలలో కలిపే మాల్ట్ పొడుల దగ్గర, అక్కడ కూడా డబ్బు కంటే ముందు ఉప్పు, పంచదార. లేబుల్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. వంద గ్రాములకు 1200 మిల్లీగ్రాముల సోడియం ఉందనుకుందాం. 70 గ్రాముల ప్యాకెట్‌లో 840, అంటే 2.1 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పే హద్దు 5 గ్రాములు. పిల్లాడి సాయంత్రపు చిరుతిండిలోనే పెద్దవాళ్ల కోటాలో నలభై శాతం అయిపోయింది, రాత్రి భోజనం ఇంకా ఉంది. ఇంట్లో నూడుల్స్ మానరు అనుకుంటే మసాలా పొట్లం సగమే వేసి, గుప్పెడు క్యారెట్, బఠాణీ కలపండి. ఉప్పులో ఎక్కువ భాగం ఆ పొట్లంలోనిదే.

పిల్లలు ఎత్తు పెరుగుతారని పాలలో కలిపే పొడుల సంగతి ఇంకా చిత్రం. 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే మాటకు నిర్వచనమే లేదు. అందుకే 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లను ఆ వర్గం కింద ఇలాంటి పానీయాలు చూపించవద్దంది. వంద గ్రాముల పొడిలో 32 గ్రాములు కలిపిన పంచదార అని లేబుల్ చెబుతుంటే, 20 గ్రాముల చొప్పున రెండు పూటలకు 13 గ్రాములు. పాలలో పూటకో చెంచా పంచదార కలిపే అలవాటుంటే ఇంకో 10. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని చెప్పే పంచదార పిల్లలకు రెండు గ్లాసుల పాలలోనే దాదాపు అయిపోతుంది.

దానికి బదులు మొలకల రాగిపిండి. కిలో రాగులు ఇసుక పోయేదాకా కడిగి పది గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, తడి బట్టలో మూట కట్టి ఒక రోజు ఉంచాలి. మొలక కనిపిస్తే చాలు, పొడుగు అక్కర్లేదు. నీడలో ఆరబోసి, తర్వాత ఒకపూట ఎండబెట్టి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి మర పట్టించాలి. ఆరడంలో తొందరపడితే పిండి పది రోజుల్లో ముక్కవాసన వేస్తుంది, బూజు పడుతుంది. బూజు పట్టింది మళ్లీ ఎండబెట్టి వాడేది కాదు, పారేయాల్సిందే. రాగులు కిలో 55, మర ఖర్చు కలిపినా వంద గ్రాములు ఏడెనిమిది రూపాయలు, డబ్బా పొడి యాభై దాకా ఉంటుంది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. మొలక కట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. గింజలో పుట్టే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టడంతో జావ చిక్కబడదు, అదే గ్లాసులో ఎక్కువ పిండి పిల్లల కడుపులోకి వెళ్తుంది. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి, లేదంటే ఉండలు కడుతుంది. పాలు పోసే జావలో బెల్లం పొయ్యి దించాక వెయ్యాలి, ముందే వేస్తే విరుగుతుంది. బెల్లం కూడా పంచదార చుట్టమేనని మరిచిపోకూడదు, చెంచా దాటించవద్దు.

సాయంత్రం ఆకలికి గుగ్గిళ్లను మించినది లేదు. 200 గ్రాముల శనగలు 18 రూపాయలు. రాత్రి నానబెట్టి, ఉప్పువేసి నాలుగైదు విజిల్స్ రానిచ్చి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే నలుగురికి నిండా సరిపోతుంది. అదే డబ్బుతో ఒక్క చిప్స్ ప్యాకెట్ వస్తుంది, అందులో ప్రొటీను వెతుక్కోవాలి.

అల్లం వెల్లుల్లి ముద్ద గురించి ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో నకిలీ ముద్ద పట్టుబడిన వార్తలు మీ పత్రికలోనూ వచ్చాయి కాబట్టి చాలామంది ఇంట్లోనే చేస్తున్నారు. సమపాళ్లలో తీసుకుని, అల్లం కడిగాక పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లు లేకుండా రుబ్బి, అరకిలోకు రెండు చెంచాల ఉప్పు, కాస్త నూనె కలపాలి. ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లోనే వాడెయ్యాలి, ఎక్కువ రోజులు కావాలంటే ఐస్ ట్రేలో గడ్డకట్టించాలి. పైన నూనె తేలుతోంది కదా అని బయట అల్మారాలో పెట్టడం ప్రమాదం. గాలి తగలని వెల్లుల్లిలో బొట్యులినమ్ అనే విషాన్ని పుట్టించే క్రిమి పెరగగలదు, దానికి వాసనా రంగూ ఏమీ ఉండకపోవచ్చు. ముద్ద ఆకుపచ్చగా మారితే మాత్రం భయం లేదు, అది వెల్లుల్లి గుణం.

ఇంటి వంట అనగానే దండం పెట్టెయ్యనక్కర్లేదు. ఆవకాయ ఉప్పు ఆవకాయదే, జంతికల నూనె జంతికలదే. బజ్జీలు వేసిన నూనె వడగట్టి మళ్లీ మళ్లీ కాచే ఇంటికి హోటలును తప్పుపట్టే హక్కు లేదు. నూనె పదే పదే కాగితే అందులో పెరిగే చెడు పదార్థాలకు (పోలార్ పదార్థాలంటారు) ఆహార భద్రతా సంస్థ హోటళ్లకు పెట్టిన 25 శాతం హద్దును ఇంట్లో ఎవరూ కొలవరు. నురగ కట్టినా, రంగు ముదిరినా, త్వరగా పొగ వచ్చినా తీసిపారెయ్యాలి, లేదా ఒకసారి వేయించిన నూనెను రెండు మూడు రోజుల్లో తాలింపులకు ఖర్చుచేసెయ్యాలి. అలాగే అటుకులు, మరమరాలు, సేమ్యా, పాశ్చరైజ్ చేసిన పాలు ఇవన్నీ కూడా మిల్లులోనో ఫ్యాక్టరీలోనో తయారైనవే, వాటిని ఇంట్లో చేస్తానని కూర్చోవడం వృథా.

ఇక మిగిలింది ఎవరు చేస్తారన్నది. 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. "ఇంట్లో చేసుకోండి" అని చెప్పేవాళ్లు, నాతో సహా, ఆ 289కి ఇంకో ముప్పై కలుపుతున్నామని తెలుసుకోవాలి. రుబ్బడం కంటే గ్రైండర్ కడగడం కష్టం. రుబ్బింది ఎవరైతే కడగాల్సింది ఇంకొకరు. రాగులు మర పట్టించడం, శనగలు నానబెట్టడం పదేళ్ల పిల్లలకూ కాలేజీ కుర్రాళ్లకూ చేతనవుతుంది. ఆ పంపకం జరగని ఇంట్లో ప్యాకెట్ కొనే ఇల్లాలిని ఎవరూ నిందించలేరు.

చివరగా మీ పత్రిక పట్టించుకోవాల్సిన విషయం. ప్రకటన తెలుగులో, బ్రాండు పేరు తెలుగులో, టీవీలో పాట తెలుగులో. పదార్థాల జాబితా మాత్రం ఇంగ్లిషులో, అదీ భూతద్దం పెట్టుకు చదివేంత చిన్నగా. నిబంధనల ప్రకారం ఇంగ్లిషుగానీ హిందీగానీ ఉంటే చాలు, మిగతా భాషలు కంపెనీ ఇష్టం. పదార్థాలు బరువు ఎక్కువదాని నుంచి తక్కువదానికి వరసగా రాయాలన్న మంచి నియమం ఉంది, కానీ మొదటి పేరు 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అంటే మైదా అని, 'లిక్విడ్ గ్లూకోజ్', 'ఇన్వర్ట్ సిరప్' అంటే పంచదార జాతేనని పల్లెటూరి తల్లికి ఎవరు చెబుతారు? తెలుగు రాష్ట్రాల్లో అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా పదార్థాలు, సోడియం, పంచదార తెలుగులో ఉండాలని రెండు ప్రభుత్వాలూ కేంద్రాన్ని అడగాలి. అది జరిగేలోగా మీరు కూరగాయల ధరలు వేసే చోటే వారానికోసారి పది రకాల ప్యాకెట్ల వంద గ్రాముల ధర, ఉప్పు, పంచదార తెలుగులో అచ్చు వెయ్యండి. పావు పేజీ చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి