ఆ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం రాత్రి చదివాను, ఆ తర్వాత సరిగ్గా నిద్ర పట్టలేదు. టూత్‌పేస్ట్ కంపెనీ వాళ్ళు డబ్బిస్తాం, ట్యూబులిస్తాం, ఆరు నెలలు ట్రయల్ చేసిపెట్టండి అన్నారని సంబరంగా రాశావు. ఆ సంబరం నాకు అర్థమవుతుంది. పళ్ళ మీద పరిశోధనకి డబ్బు పుట్టడం ఎంత కష్టమో మనిద్దరికీ తెలుసు, కంపెనీలు లేకపోతే మన రంగంలో చాలా ట్రయల్స్ మొదలే కావు. వద్దనడానికి రాయడం లేదురా. తీసుకో. కానీ ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు నీ చేతిలో లేకపోతే మాత్రం సంతకం పెట్టకు.

పీజీలో నేను చేసిన మౌత్‌వాష్ ట్రయల్ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పేషెంట్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, పాచికి రంగు పట్టే మందు పూసి, పుక్కిలించమని, ఒక్కో పన్ను మీద ఎర్రగా ఎంత మేర అంటుకుందో చూసి సున్నా నుంచి ఐదు దాకా స్కోర్ వేసేవాణ్ణి. చిగురు అంచున సన్నటి గీతలా ఉంటే రెండు, ఆ గీత ఒక మిల్లీమీటరు దాటితే మూడు. సాయంత్రానికి కళ్ళు లాగేసేవి. ఆఖరికి లెక్క తేలిస్తే ఆ మౌత్‌వాష్‌కీ ఉత్త రంగునీళ్ళకీ తేడా లేదు. రిపోర్ట్ పంపాం, జవాబు రాలేదు. అప్పుడు అగ్రిమెంట్ తీసి చూస్తే, తమ అనుమతి లేకుండా ఏదీ ప్రచురించకూడదని లోపలెక్కడో ఒక్క లైను. సంతకం పెట్టేటప్పుడు మేమెవరం చదవలేదు. అంతమంది నోరు తెరుచుకుని కూర్చున్నది ఎందుకు? ఆ బాధ నాకింకా పోలేదు.

కంపెనీ ట్రయల్ అంటే దొంగ లెక్కలని కాదు. మందులు, పరికరాల స్టడీల మీద 2017లో, వైద్య స్టడీలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ వాళ్ళు చేసిన సమీక్షలో, కంపెనీలు డబ్బు పెట్టిన వాటిల్లో అనుకూలమైన ఫలితాలు, ముగింపులు ఎక్కువగా కనిపించాయి. అయినా పద్ధతుల్లో లోపాలు వాటిల్లో ఎక్కువేం లేవు, ఎవరికి ఏ మందు వెళ్ళిందో దాచే బ్లైండింగ్ విషయంలో అవే కాస్త నయం. అంటే తేడా చాలాసార్లు ప్రశ్న వేసే దగ్గరే వస్తోందని నా నమ్మకం. దేనితో పోల్చాలి, ఎన్నాళ్ళు చూడాలి, ఏది కొలవాలి. నీకు పంపిన ప్రోటోకాల్‌లో, అదే ట్రయల్ ప్లాన్‌లో, కొలిచేది పాచి స్కోర్ ఒక్కటే అన్నావు కదా, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. క్రిములని చంపే ట్రైక్లోసాన్ కలిపిన పేస్టుల మీద 2013లో వచ్చిన కోక్రేన్ సమీక్ష గుర్తుందా? 30 స్టడీలు కలిపి చూస్తే పాచి సుమారు 22 శాతం తగ్గింది, పళ్ళు పుచ్చడం మాత్రం 5 శాతమే తగ్గింది. పేషెంట్‌కి కావలసింది ఆ రెండోదే కదా.

ప్రశ్ననే మార్చేస్తే ఏమవుతుందో చూడాలంటే చక్కెర పరిశ్రమ కథ చదువు. అమెరికాలో 1971లో పిప్పిపళ్ళ మీద ప్రభుత్వ పరిశోధన కార్యక్రమం మొదలైంది. చక్కెర పరిశ్రమ పాత కాగితాలు తవ్వి 2015లో కొందరు పరిశోధకులు ఒక పేపర్ వేశారు, రాసినవాళ్ళలో ఒకావిడ మనలాగే డెంటిస్టు. పరిశ్రమ పంపిన నివేదికలో 78 శాతం పరిశోధన ప్రతిపాదనలు కోరుతూ ఆ కార్యక్రమం ఇచ్చిన ప్రకటనలోకి నేరుగా ఎక్కిందని తేల్చారు. చక్కెర తగ్గించమనడం పక్కకి పోయి, పాచిని కరిగించే ఎంజైములు, పిప్పిపన్ను రాకుండా టీకా అంటూ వెతకడం ముందుకొచ్చింది. పిల్లల పళ్ళ సంగతి కదరా, చదువుతుంటే కోపం ఆగలేదు.

కాబట్టి మొహమాటపడకుండా అడుగు. పోల్చేది మామూలు ఫ్లోరైడ్ పేస్ట్‌తోనే ఉండాలి, అసలు ఫ్లోరైడే లేనిదానితో కాదు. డేటా మొత్తం నీ దగ్గర ఉండాలి, విశ్లేషణ బయటి స్టాటిస్టీషియన్ చెయ్యాలి. మొదటి పేషెంట్‌ని చేర్చకముందే ట్రయల్‌ని అందరూ చూడగలిగే రిజిస్ట్రీలో రిజిస్టర్ చెయ్యి, లేకపోతే 2005 నుంచీ పెద్ద మెడికల్ జర్నళ్ళు తీసుకోవడం లేదు. పేపర్ ముందుగా చూస్తామంటే చూడనీ, నెలో రెండు నెలలో గడువు పెట్టు, ఆపే అధికారం మాత్రం ఇవ్వకు.

అగ్రిమెంట్‌లో ప్రచురణ గురించి ఉన్న పేజీ ఫొటో తీసి ఇవాళే పంపు. అన్నిటికంటే ముందు అది చూద్దాం.

నీ
రవి