గురు, శుక్ర, బుధ, శని, ఆది, మంగళ, సోమ

జమ్మలమడుగు,
రెండో శనివారం, పొద్దున

ఒరేయ్ కంపాసూ,

నీ మెసేజ్‌లు మూడూ చూసినా. చూసి కూడా జవాబివ్వలేదు, తప్పు నాదే, కోప్పడకు. దసరా నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూనే రోజులు పోయినాయి. ఇప్పుడు చెప్పబోయేది ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టి పంపే సంగతి కాదు, పోనీ నీకు ఫోన్ చేద్దామంటే మధ్యలో నా గొంతు ఆగిపోతుందేమోనని భయం, అందుకే కాగితం తీసినా. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: నాయన మోకాలి నొప్పి తగ్గింది, శనగ విత్తినాం, చెల్లెలు కాన్పుకు వచ్చింది, అమ్మ నీకు పంపుతానన్న నిమ్మకాయ ఊరగాయ ఇంకా ఎండలోనే ఉంది. అంతే.

సోమవారం బడిలో ఒకటి జరిగింది రా.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష దగ్గర పడింది కదా, బడి వదిలినాక గంటసేపు కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్తున్నా. ఆ రోజు క్యాలెండర్ లెక్కలు. తేదీ ఇస్తే వారం కనుక్కోవాలి, అదే, డీఎస్సీకి చదివేటప్పుడు నువ్వు వేళ్ల మీద చెప్పేవాడివే, అది. ఒకటి చేసి చూపించి, ఇంక మీరు చేయండి అని సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగినా. ఏదో ఒక తేదీ రాయాలి. నా చేయి 19 జనవరి 2006 అని రాసింది. ఒట్టు, అనుకుని రాయలేదు. రాసినాక చూసి ఒక్క నిమిషం ఆగిపోయినా. తర్వాత మిగతావి వాటంతట అవే వచ్చేసినాయి. ఫిబ్రవరి 17, మార్చి 15, ఏప్రిల్ 1, మే 21, జూన్ 13, జులై 10. ఇన్నేళ్లుగా నేను ఎవరి దగ్గరా ఎత్తని తేదీలు, ఒక్కటంటే ఒక్కటి మర్చిపోలేదు చూడు.

2005 డిసెంబర్ 31 దాకా నిండు వారాలు తీసేస్తే ఆరు మిగులు రోజులు, వాటికి కలుపుకుంటూ పోండి, ఏడుతో భాగించండి అన్నా. పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు. జనవరిది గురువారం వచ్చింది. ఫిబ్రవరిది శుక్రవారం. వెనక బెంచీలో ఒకడున్నాడు, వాళ్ల నాయన నాపరాళ్ల క్వారీలో పనిచేస్తాడు, ఆ పిల్లోడు మే 21 దగ్గర ఆగిపోయి రబ్బరుతో చెరుపుతున్నాడు. ఏంరా అంటే, "తప్పు వచ్చింది సార్, 147 వచ్చింది, ఏడుతో కొడితే ఏమీ మిగల్లేదు" అన్నాడు. ఏమీ మిగలకుంటే ఆదివారం రా, తప్పేం కాదు అని చెప్పాలి. చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మే 21 మన మస్తాన్ బాబు ఎవరెస్టు ఎక్కిన రోజు కదా, వాడు చెరుపుతున్నది ఎవరెస్టు రా. ఆ పేజీ మీద రబ్బరు పొట్టు, దాని కింద సగం చెరిగిన సున్నా, ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అప్పుడు ముందు బెంచీలోని రెండు జడల పిల్ల లేచింది. "సార్, ఇవి మీరు కావాలనే ఇచ్చినారు" అంది. ఎందుకమ్మా అంటే, "ఏడు తేదీలకు ఏడు వారాలూ వచ్చినాయి సార్. ఒక్కటి కూడా రెండోసారి రాలేదు. నెలలు కూడా వరసగా ఉన్నాయి."

మనిద్దరం ఆ సంగతి పేపర్లో చదివి తెలుసుకున్నాం. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండా పట్టేసింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

చెప్పినా. మల్లి మస్తాన్ బాబు అని ఒకాయన, నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీజనసంగం ఆయన ఊరు, మన గండికోట కింద పారే పెన్నే ఆ సంగం మీదుగా సముద్రానికి పోతుంది అన్నా. బీద గిరిజన కుటుంబంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. అన్నీ చదివి కొండలు ఎక్కినాడు. ఏడు ఖండాల్లో ఒక్కో ఖండంలోనూ అన్నిటికన్నా ఎత్తైన కొండ. అంటార్కిటికాలో విన్సన్‌తో మొదలుపెట్టి, అకొంకాగువా, కిలిమంజారో, కోషియస్కో, ఎవరెస్ట్, ఎల్బ్రస్, ఆఖరికి అలాస్కాలో డెనాలి. నెలకొకటి, ఒక్కోటి ఒక్కో వారం, మొత్తం 172 రోజులు. ఆ 172 మీద క్లాసులో పెద్ద గొడవైంది. మొదటి రోజును కలిపితే 173 కదా సార్ అని ఒకడు, జనవరిలో మిగిలినవి పన్నెండే కదా అని ఇంకొకడు, బోర్డు మీదకు వచ్చి కూడి చూపించినారు. పన్నెండు, ఇరవై ఎనిమిది, ముప్ఫై ఒకటి, ముప్ఫై, ముప్ఫై ఒకటి, ముప్ఫై, పది. 172 తేలేదాకా ఎవరూ కూర్చోలేదు. నువ్వుండాల్సింది రా అక్కడ.

తర్వాత ఆయనకు కొండల మీద మనసు ఎట్లా పడిందో చెప్పినా. కోరుకొండ బడిలో ఒక విగ్రహం ఉంది కదా, ఆ బడిలోనే చదివి సైన్యంలో చేరి, 1985లో ఎవరెస్టు మీద ప్రాణం వదిలిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావుది. అది చూస్తూ పెరిగినాడు మస్తాన్ బాబు. మన క్వారీ పిల్లోడు అడిగినాడు, "తిరిగి రాని ఆయన బొమ్మ చూసి కూడా పోవాలనిపించిందా సార్?" ఔను రా అన్నా. వాడు ఇంకేం అడగలేదు, తల ఊపినాడు. రోజూ నాయన రాళ్ల మీదకు పోయి రావడం చూసే పిల్లోడు వాడు.

సరిగ్గా అప్పుడు రెండు జడల పిల్ల అడిగింది. "ఇప్పుడెక్కడున్నాడు సార్? బాలల దినోత్సవానికి మన బడికి పిలుద్దామా?"

నేనేం చెప్పినానో చెప్తా, ఆగు. ముందు ఇది రాయాలి, నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఆ మాట వినగానే నాకు కనిపించింది కడప ఏడురోడ్లు రా. 2015. మనం ఒక్కో రోడ్డుకు ఒక్కో కొండ పేరు పెట్టుకున్నాం కదా, ఎల్బ్రస్‌లో బజ్జీల బండి, డెనాలిలో జిరాక్స్ షాపు, విన్సన్‌లో నీ చెప్పు తెగిన సంగతి (అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నిశ్చింతగా ఉండు). మార్చి 24 తర్వాత ఆయన నుంచి కబురు లేదని తెలిసినాక మనం చదివిందేమన్నా ఉందా? అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ సుర్, 6,700 మీటర్లు దాటిన కొండ, ఒంటరిగా బయల్దేరినాడు, వాతావరణం చెడింది. మనకు సాయంత్రం నాలుగైతే అక్కడ పొద్దున ఏడున్నర అని నువ్వు లెక్క కట్టినావు. రోజూ నాలుగుకల్లా టీకొట్టు దగ్గర నిలబడేవాళ్లం. ఇప్పుడు అక్కడ తెల్లారింది, ఇప్పుడు హెలికాప్టర్ లేస్తుంది, అనుకుంటూ. ఒక రోజు మబ్బు అని లేవలేదు. ఒక రోజు లేచింది, కనపడలేదు. ఆయన స్నేహితులు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతి ముక్కా నువ్వు నాకు చదివి వినిపించేవాడివి, టీ చల్లారిపోయేది.

ఆ టీకొట్టు దగ్గరే కదా, "ఇంత చదువు చదివి కొండలెక్కడమేంది, ఉద్యోగం చేసుకోక" అని ఒకాయన అన్నది. నువ్వు గ్లాసు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టినావంటే టీ నా చొక్కా మీద పడింది. అప్పుడు నిన్ను నేనే వెనక్కి లాగినా. లాగకుండా ఉండాల్సింది. ఆ మాట ఇప్పటికీ నాకు మంటే. ఒక మనిషి తనకు ప్రాణమైన పని ఇంత చక్కగా చేస్తే, దాన్ని చదువుకు జరిగిన నష్టంగా లెక్క వేయడమేంది?

ఏప్రిల్ 4న కబురు వచ్చింది. ఇంక ఏ ఫోన్లూ చూడక్కర్లేదని తెలిసినాక మనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. గండికోటకు పోయినాం, గుర్తుందా, చీకటి పడేదాకా ఆ అంచున కూర్చున్నాం, నువ్వు గది గోడ మీది ఫోటో చించుకొచ్చి జేబులో పెట్టుకున్నావు, ఏం చేయాలనుకున్నావో నువ్వూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నెలాఖరులో ఆయన్ని ఊరికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపినప్పుడు పోదామని బయల్దేరి కూడా బస్టాండు నుంచి వెనక్కి వచ్చేసినాం. ఎందుకు వచ్చేసినామో... సరే, అది వదిలెయ్.

క్లాసు దగ్గరికి వస్తా. ఆ పిల్ల అట్లా నిలబడే ఉంది. లేడమ్మా, కొండ మీదే పోయినాడు అన్నా. నలభై ఏళ్లు అన్నా. ముప్ఫై మంది పిల్లలు, ఒక్కరి కాలు కూడా కదల్లేదు. క్వారీ పిల్లోడు మాత్రం మెల్లగా, "తాడు కట్టుకోలేదా సార్?" అన్నాడు. ఒక్కడే పోయినాడు రా, తాడు అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ లేరు అన్నా. అంతవరకే చెప్పగలిగినా. తర్వాత ఏదో చెప్పబోయి, చాలా సేపు కిటికీ వైపు తిరిగి నిలబడినా. మళ్లీ తిరిగి చూస్తే ఎవరూ ఇంటికి పోలేదు. బడి వదిలి గంటన్నర దాటింది, ఆకలితో ఉంటారు, అయినా పోలేదు.

అప్పుడు రెండు జడల పిల్ల, "ఏ రోజు సార్?" అంది. 24 మార్చి 2015 అన్నా. కూర్చుని పుస్తకం తెరిచింది. నేను లెక్క చేయమనలేదు రా. ఆ పిల్ల పెదాలు కదిలిస్తూ సంవత్సరాలు కూడుకుంటా ఉంటే పక్కనున్న పిల్లలు కూడా తెరిచినారు. కాసేపు పెన్సిళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. "మంగళవారం సార్" అంది. తర్వాత బోర్డు మీద జూన్ 13 వైపు చూసి, "ఎల్బ్రస్ ఎక్కిన వారమే" అంది.

ఆ బోర్డు నేను చెరపలేదు. వారం మొత్తం ఏ సారూ చెరపలేదు, పక్కన కొంచెం చోటు చూసుకుని రాసుకుంటున్నారు. పిల్లలే చెప్పి ఉంటారు. నిన్న ఆ పిల్లలే అడిగినారు, ఆయన ఫోటో ఉందా సార్, గోడకు పెడదాం అని. నీ దగ్గరే ఉంది కదా? పూణేకు తీసుకుపోయినావా, మీ ఊర్లో పెట్టెలో ఉందా, ఎక్కడున్నా వెతుకు. చిరిగి ఉన్నా సరే, నీ జేబులో మడత పడిన చోట ముఖం తెల్లబడి ఉన్నా సరే, నేను అద్దం కట్టించుకుంటా. సంక్రాంతికి వస్తావు కదా, అప్పుడు చేత్తోనే తీసుకురా, పిల్లలకు నువ్వే ఇద్దువు, ఇంకొకటి, గండికోటకు వాళ్లందరినీ తీసుకుపోదామని ఉంది, నువ్వుంటేనే, ఆ అంచు దగ్గర కూర్చోబెట్టి పెన్నను చూపించి

పక్కింటి అన్న కడపకు పోతూ హారన్ కొడుతున్నాడు, కవరు ఆయన చేతికిస్తే ఈరోజే పోస్టులో పడుతుంది. ఫోటో మర్చిపోకు. మీ అమ్మకు నా నమస్కారాలు.

నీ
కోషియస్కో