పాముల మ్యాపులు ఇక తక్కువే దొరుకుతాయి

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా ఫ్రేముల కొట్టుకు స్వామి పటాలు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. పాత మ్యాపులు వెతుక్కుంటూ వచ్చేది కొద్దిమంది. ఈ కబురు వాళ్లకు.

పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉంటాయో చూపే పాత మ్యాపులు అసలు అట్లాసుల్లోని పేజీలు. స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జాన్‌స్టన్ అనే మ్యాపుల తయారీదారు తెచ్చిన ఫిజికల్ అట్లాసు 1856 కూర్పులో ఒకటుంది. అదే ఊరి నుంచి 1911లో వచ్చిన బార్తలోమ్యూ జంతు భూగోళ అట్లాసులో జంతు కుటుంబాల (దగ్గరి పోలికలున్న జాతుల గుంపుల) వారీగా చాలా ఉన్నాయి. అట్లాసు కొని, కుట్టు విప్పి, షీటు షీటుగా అమ్మితే పుస్తకం మీద కన్నా ఎక్కువ మిగులుతుంది. ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన లెక్కే. కానీ అలా చేస్తే పుస్తకం నాశనమవుతుంది, అందుకే మేం మాత్రం ఇకమీదట పుస్తకం విప్పిన సరుకు తెప్పించం. ఎప్పుడో విడిపోయిన షీట్లు కంటబడితేనే కొంటాం. కాబట్టి సరుకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. దయచేసి బేరమాడొద్దు.

అంత పెట్టలేమంటే స్కాన్ చేసి తీసిన ప్రింటు ఉంది. వెనక ‘ప్రతి’ అని ముద్ర వేసే ఇస్తాం. అనుమానముంటే భూతద్దం పట్టండి: కొత్త ప్రింటులో రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. 1856 షీటులో గీతలు చెక్కిన పలక నుంచి దిగినవి, తెగకుండా సన్నగా సాగుతాయి. నడిమధ్య మడత కనిపిస్తే కంగారు పడకండి, అట్లాసులో మడిచి కుట్టిన గుర్తు అది.

‘మన కొండల్లోని బంగారు బల్లి ఇందులో ఉందా సామీ?’ అని ఒకాయన అడిగారు. 1856 షీటులో ఉండే వీల్లేదు. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ దాని గురించి మొదటిసారి రాసింది 1870లో, అదీ తిరుపతి కొండల్లో దొరికినదాన్ని చూసి. అప్పుడు మనది ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ 1911లోనే!

ఇంట్లో పాముల మ్యాపు పెట్టుకోవచ్చా అనీ అడుగుతున్నారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లం, గోడ మీద కాగితానికి భయమెందుకండీ? ఎండ పడే గోడకు మాత్రం వద్దు, రంగు వెలిసిపోతుంది. అద్దం కాగితానికి అంటుకోకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టి కడతాం. దాని ఖర్చు వేరే.

అమెరికాలో ఉన్న పిల్లలకు పంపమంటే ప్రతులే పంపగలం. వందేళ్లు దాటినవి 1972 పురావస్తు చట్టం కిందికి రావచ్చు. అందుకే ఒరిజినళ్లు దేశం దాటించం.