ఐరోపా తొలి రైల్వేలు: కాంట్రాక్టరుకు డబ్బు ఎలా ముట్టింది?

సంపాదకులకు,

అయ్యా,

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో రైలుమార్గాలు వేసిన విదేశీ కాంట్రాక్టర్ల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. బ్రిటిష్ వారి అనుభవం, పెట్టుబడి గురించి వ్యాసకర్త చెప్పిన వాటితో నాకు పేచీ లేదు. అయితే ఇంగ్లండుకు చెందిన థామస్ బ్రాసీనీ, జర్మనీకి చెందిన బెథెల్ హెన్రీ స్ట్రౌస్‌బర్గ్‌నూ పరదేశపు గుత్తేదారులంటూ ఒకే గాటన కట్టడం సరికాదు. వారిద్దరికీ డబ్బు ముట్టిన తీరు వేరు, వారు వేసిన మార్గాల గతి కూడా చాలావరకు దాన్ని బట్టే నడిచింది.

పారిస్–రువాన్ మార్గానికి ఇంజనీరు జోసెఫ్ లాక్. ఫ్రెంచి కాంట్రాక్టర్లు అడిగిన ధరలు తన అంచనాను బాగా మించిపోవడంతో ఆయన ఇంగ్లండు నుంచి బ్రాసీని, విలియం మెకంజీని పిలిపించాడు. వేలాది బ్రిటిష్ మట్టిపని కూలీలు సముద్రం దాటి వచ్చి, ఫ్రెంచి కూలీల కంటే ఎంతో ఎక్కువ కూలికి పనిచేసినా, 1841లో మొదలైన ఆ మార్గం 1843 మే నెలకల్లా తెరుచుకుంది. ముందే ఖాయం చేసుకున్న ధరకు ఒప్పుకున్న పని కాబట్టి ఆలస్యమైనా, సరుకు వృథా అయినా నష్టం కాంట్రాక్టరుదే. బ్రాసీ పనిని ముక్కలుగా విడగొట్టి ఉపకాంట్రాక్టర్లకు ఇచ్చేవాడు. తవ్వేచోట అనుకున్నదానికంటే గట్టి నేల తగిలితే, వాళ్లు అడగకముందే ధర పెంచి ఇచ్చేవాడని ఆయనకు పేరుండేది.

ఆ ఒప్పందాల బరువెంతో రువాన్–లె హావ్ర్ మార్గంలో తేలింది. బారంటాన్ లోయ మీద ఇటుకలతో కట్టిన, సుమారు 100 అడుగుల ఎత్తు, 27 కమానుల వంతెన పని పూర్తయ్యే దశలో, 1846 జనవరి 10న, కొన్ని రోజులు కురిసిన పెద్ద వానల తర్వాత కుప్పకూలింది. అసలు కారణం తేలకపోయినా, గారలో కలిపిన సున్నం మీదే అందరికీ అనుమానం కలిగింది. ఆ సున్నాన్ని స్థానికంగానే కొనాలని ఒప్పందంలోనే షరతు ఉంది కనుక, బ్రాసీ కోర్టుకెక్కి ఏళ్ల తరబడి వాదించుకోవడానికి దారి తెరిచే ఉంది. ఆయన ఆ జోలికి పోలేదు. తాను ఎంచుకున్న సున్నంతో, సొంత ఖర్చుతో వంతెనను మళ్లీ కట్టించాడు. 1847 మార్చిలో ఆ మార్గం మీద రైళ్లు నడిచాయి. ఇందులో ఆయన వ్యక్తిత్వం పాత్ర ఉందని కాదనను, కానీ ఖాయమైన ధరకు పని అప్పగిస్తానన్న మాటకు ఒప్పందమే ఆయనను కట్టిపడేసిందన్నది కూడా నిజం.

రుమేనియా సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. 1868లో అక్కడ రైలుమార్గాలు వేయడానికి స్ట్రౌస్‌బర్గ్ బృందానికి దక్కిన అనుమతిలో బాండ్లకు (అప్పు పత్రాలకు) ఏడున్నర శాతం వడ్డీకి రుమేనియా ప్రభుత్వం పూచీపడింది. ఆ బాండ్లను జర్మనీలో అమ్మి, వచ్చిన డబ్బుతో ఆయనే మార్గం వేయాలి. డబ్బు ముందు వచ్చి పని వెనకబడితే ఏమవుతుందో 1871 జనవరిలో తెలిసింది. మార్గం పూర్తికాలేదు, వడ్డీ కట్టడానికి ఆయన దగ్గర సొమ్ము లేదు, బాధ్యత ప్రభుత్వానిదంటూ ఆయన చేతులెత్తేశాడు. బాండ్లు కొన్న జర్మన్ల తరఫున జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ రంగంలోకి దిగాడు. ఆ రైల్వేలను రుమేనియా కొనుగోలు చేయడానికి ఒప్పుకున్నాకే, 1880లో, జర్మనీ ఆ దేశ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. ఒక కాంట్రాక్టు ఒక దేశపు విదేశాంగ విధానానికే సంకెల కావడం మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కించుకోవలసిన విషయం.

మూడో తీరు ఒట్టోమన్ (తుర్కీ) సామ్రాజ్యానిది. ఆ ప్రభుత్వం 1869లో తన ఐరోపా భాగంలో రైలుమార్గాలు వేయడానికి బారన్ మారిస్ డి హిర్ష్‌కు ఇచ్చిన అనుమతిలో చెల్లింపు కిలోమీటరు లెక్కన ఉంది, అంటే మార్గం ఎంత పొడవైతే అంత సొమ్ము. సొరంగాలు, పెద్ద వంతెనలు తప్పించుకుంటూ, ఊళ్లకు దూరంగా, మెలికలు తిరుగుతూ పట్టాలు పరిచారన్న ఆరోపణ చాలాకాలం వినబడింది. ఎదిర్నే స్టేషను ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, కరాఆచ్‌లో వెలిసిన మాట నిజమే. వియన్నా నుంచి ఇస్తాంబుల్ దాకా నేరుగా రైలు 1888 వరకు రాలేదు. ఈ ఆలస్యాన్ని మాత్రం ఒక్క హిర్ష్ మీదకు తోసేయలేం. మధ్యలో యుద్ధమూ ఉంది, సరిహద్దుల పేచీలూ ఉన్నాయి.

బ్రిటిష్ కాంట్రాక్టర్లందరూ బ్రాసీలు కారనీ ఒప్పుకోవాలి. నార్వేలో క్రిస్టియానియా (నేటి ఓస్లో)–ఎయిడ్స్‌వోల్ మార్గాన్ని (1854) ఆయనతో కలిసి వేసిన శామ్యూల్ మోర్టన్ పీటో, తర్వాత స్వదేశంలో ఒక రైల్వే కంపెనీకి కాంట్రాక్టరుగానూ, అప్పు పుట్టించేవాడిగానూ రెండు వేషాలు వేసి, 1866 ఆర్థిక సంక్షోభంలో దివాలా తీశాడు.

ఈ అంశంపై మరో వ్యాసం వేసే ఉద్దేశం ఉంటే, ప్రతి మార్గం పక్కనా ఇంజనీరు పేరుతో పాటు చెల్లింపు షరతులను కూడా ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు