పడుకున్న రోజులకి కూలి కోయకు

గుణుపూర్,
ఆషాఢ శుద్ధ దశమి

చిన్నా,

మల్కన్‌గిరి దగ్గర ఆరెకరాలు కౌలుకి తీసుకున్నావని, ఊడ్పులకి కొండ మీంచి పన్నెండుమంది వస్తున్నారని చెప్పావు. వాళ్ల పడక ఎక్కడా అంటే గెడ్డ ఒడ్డున పాక వేశానన్నావు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను.

ఆ పాకని గెడ్డకి దూరంగా మిట్ట మీదకి మార్చు. చలిజ్వరం, అదే మలేరియా, తెచ్చే దోమ మురుగు కాలవలో పుట్టేది కాదు. మెల్లగా పారే గెడ్డ అంచున, గడ్డి మొదళ్లలో, నీళ్లు నిలిచిన మడిలో పుడుతుంది. చీకటి పడ్డాక కుడుతుంది. గోడ మీద వాలినప్పుడు చూడు, తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. నువ్వు చదువుకున్న సికింద్రాబాదులోనే 1897లో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దాని కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. మనం మాత్రం ఇంకా "వానలో నానాడు, జ్వరమొచ్చింది" అంటున్నాం.

నేనూ అలాగే అన్నాను. మన పొలానికి ఒకతను వచ్చేవాడు, నిన్ను భుజాల మీద ఎక్కించుకుని గట్ల మీద తిప్పేవాడు. ఓ సంవత్సరం ఊడ్పుల్లో అతనికి చలిజ్వరం పట్టుకుంది. ఒకరోజు మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి, మర్నాడు ఏమీ ఎరగనట్టు మడిలోకి దిగేవాడు. రక్తం చూసి పద్నాలుగు రోజులకి మాత్రలిచ్చారు. రెండు నెలలకి మళ్లీ అదే వణుకు. జావ పట్టుకుని వాళ్లింటికెళితే గోడగూట్లో మాత్రల పొట్లం కనిపించింది. లెక్కపెట్టాను, పది రోజులవి అలాగే ఉన్నాయి. "నాలుగు రోజులకే తగ్గిపోయిందమ్మా. అవి మింగితే కడుపులో వికారం. నాగా పెడితే కూలి పోద్ది కదా" అన్నాడు. పడుకున్న రోజులకి మీ నాన్న కూలి కోశారు. నేను పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు.

అతనికి పట్టిన రకం క్రిమి కాలేయంలో దాక్కుంటుంది, మాత్రలు పూర్తిగా వాడకపోతే మళ్లీ లేస్తుంది. మన కొండల్లో ఎక్కువగా ఉండే ఫాల్సిపారం అనే రకం ఇంకా చెడ్డది, మెదడుకెక్కితే మనిషి దక్కడం కష్టం. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్తని పిలు. వేలి మీద ఒక్క పోటు, కాసేపట్లో తెలిసిపోతుంది. పారాసిటమాల్ ఇచ్చి పనికి దింపకు. వాళ్లలో గర్భిణి ఉంటే నీ అంతట నువ్వు ఏ మాత్రా ఇవ్వకు.

ఒంట్లో క్రిమి ఉండీ జ్వరం రానివాళ్లు ఉంటారు. వాళ్లని కుట్టిన దోమే పక్కవాళ్లనీ కుడుతుంది. 2017లో ఒడిశాలో మొదలైన దమన్ అనే మలేరియా నిర్మూలన కార్యక్రమంలో మారుమూల ఊళ్లలో జ్వరం లేనివాళ్లకీ పరీక్ష చేస్తున్నది అందుకే. నువ్వూ పన్నెండుమందికీ పరీక్ష చెయ్యమని అడుగు.

ప్రభుత్వమిచ్చిన మందు పట్టించిన దోమతెరలు పిల్లల కోసం ఇంటి దగ్గరే వదిలేసి వస్తారు వాళ్లు. ఇక్కడికి నువ్వే కొను. ఉతికితే నీడలో ఆరెయ్యమను.

పడుకున్న రోజులకి కూలి కోయవని, పనిలోకి దిగిన రోజే అందరి ముందూ చెప్పు. లెక్క సరిపోకపోతే నా పాల డబ్బులు పంపిస్తాను. దోమతెరలు ఎన్ని తక్కువయ్యాయో చెప్పు.

అమ్మ