కంపోస్టు కుప్పలో ‘కొత్త’ బ్యాక్టీరియా

సంపాదకులకు,

మా పట్టణ కంపోస్టు షెడ్డులో ‘వేడికి చావని కొత్త బ్యాక్టీరియా’ బయటపడిందని పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తకు సవరణ వేస్తారేమోనని రోజూ చూసి, విసిగి, చివరికి నేనే రాస్తున్నాను. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు సూక్ష్మజీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

కంపోస్టులో వేడిని కోరే బ్యాక్టీరియా దొరకడం వింత కాదు, దొరక్కపోతేనే వింత. చెత్తను కుళ్లబెట్టే జీవులే కుప్పను 60 డిగ్రీలు దాటేదాకా వేడెక్కిస్తాయి. అక్కడ మామూలుగా కనిపించే బ్యాక్టీరియా జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్‌ను 1920లోనే బాసిల్లస్‌గా వర్ణించారు, 2001లో జియోబాసిల్లస్ అనే కొత్త ప్రజాతికి (దగ్గరి జాతుల సమూహానికి) మార్చారు, ఆసుపత్రుల ఆటోక్లేవులు (పరికరాలను వేడి ఆవిరితో శుద్ధి చేసే యంత్రాలు) సరిగా పనిచేస్తున్నాయో లేదో నేటికీ దాని సిద్ధబీజాలతోనే (వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలతోనే) పరీక్షిస్తున్నారు.

కొత్త జాతి అనాలంటే ముందు దాన్ని విడిగా, శుద్ధంగా పెంచాలి. దాని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును, అంటే బ్యాక్టీరియా గుర్తింపుకు వాడే జన్యువును, తెలిసిన జాతులతో పోల్చాలి, పోలిక 98.7 శాతం దాటితే మొత్తం జన్యుపటాలనే పక్కపక్కన పెట్టి, సామ్యం 95-96 శాతానికి లోపే ఉందని చూపాలి. ఆపైన రెండు దేశాల్లోని సూక్ష్మజీవుల భాండాగారాల్లో సజీవ నమూనాలు భద్రపరచి, వర్ణనను ప్రచురించి, పేరుకు ఆమోదం పొందాలి. జపాన్‌లో 80 డిగ్రీల చేరువ వేడిలోనూ పెరిగే కంపోస్టు బ్యాక్టీరియాకు 2011లో కాల్డిటెర్రికోలా సత్సుమెన్సిస్ అని నామకరణం జరిగింది ఈ తతంగమంతా అయ్యాకే. మన హైదరాబాదు సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, బెలూన్‌తో పై వాతావరణం నుంచి సేకరించిన గాలి నమూనాల నుంచి ప్రకటించిన కొత్త జాతులదీ అదే దారి. మా పట్టణ అధికారులకు మాత్రం రిబ్బను కత్తిరింపు చాలినట్టుంది!

వార్త చదివాక షెడ్డుకు వెళ్లాను. కుప్పలో మోచేతి లోతున చెయ్యి పెడితే చల్లగా తగిలింది. పాలిథిన్ సంచులు, కొబ్బరి బొండాలు, పెళ్లి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ కలిపి పోశారు, నెలల తరబడి తిరగేసిన జాడ లేదు. తడి చెత్తను వేరుచేయాలన్న 2016 నాటి నిబంధనలు గోడ మీద రంగుల్లో ఉన్నాయి, కుప్పలో లేవు. ఆ చలిలో వేడిని ప్రేమించే జీవి ఎలా పెరిగిందో అధికారులే చెప్పాలి.

ఆ నమూనాను ఏ భాండాగారంలో, ఏ సంఖ్యతో భద్రపరిచారో విచారించి ప్రచురించండి. మీ ఫొటోలో అధికారి మూత తీసి, చేతి తొడుగులైనా లేకుండా చూపిస్తున్న పెట్రీ పళ్లెంలో (సూక్ష్మజీవులను పెంచే గాజు పళ్లెంలో) నూగులా బూడిదరంగులో కనిపిస్తున్నది మటుకు రొట్టె మీద పట్టే బూజు.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు