అవుసంగాతె కొండల్లో మా తమ్ముణ్ణి కిందికి దించినవాళ్లందరికీ

ముందుగా, ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నవాళ్లందరికీ చెబుతున్నాను, పెరూ ట్రెక్కులో ఎత్తుకి ఆక్సిజన్ అందక జబ్బు పడ్డ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. హైదరాబాద్ చేరాడు, అమ్మ చేతి వంట తింటున్నాడు, అక్కడ మళ్లీ చేయించిన స్కానింగ్‌లో కూడా ఏమీ లేదన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. జరిగిందంతా ఒకచోట రాసేస్తే మీకూ తెలుస్తుంది, ఎవరెవరు ఏం చేశారో చెప్పి మరీ థాంక్స్ చెప్పినట్టూ ఉంటుంది. పేర్లు మాత్రం రాయడం లేదు, వాళ్లను అడగకుండా ఊరందరి ముందు పెట్టడం నాకిష్టం లేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం. పెరూ దేశంలో కుస్కో ఊరికి ఆగ్నేయంగా అవుసంగాతె అనే మంచుకొండ ఉంది, 6,300 మీటర్లకు పైనే. అక్కడివాళ్లకు అది దేవుడే, అపు అంటారు. దాని చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు నడిచే దారి దాదాపు 70 కిలోమీటర్లు. పాత ఇంకాల నగరం మాచు పిచ్చుకి వెళ్లే దారిలో ఉండే జనం ఇక్కడ కనపడరు, రాళ్లతో కట్టుకున్న ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి, అల్పాకాల (గొర్రెల్లా ఉన్ని కోసం పెంచే జంతువులు) మందలు, వాటి వెనక పరిగెత్తే పిల్లలు, అంతే. దాదాపు దారంతా 4,000 మీటర్లకు పైనే ఉంటుంది, పలొమాని కనుమ దగ్గర 5,000 దాటుతుంది. మన తిరుమల వెయ్యి మీటర్లు కూడా ఉండదు, ఆ లెక్కన ఊహించుకోండి.

"అంత ఎత్తుకి అలవాటు పడకుండా ఎందుకెళ్లారు" అని కొందరు కోప్పడ్డారు. అలవాటు పడే వెళ్లాం. లిమాలో విమానం దిగితే సముద్రమట్టం, అక్కణ్ణుంచి కుస్కోకి ఎగిరితే గంటన్నర లోపే 3,400 మీటర్లు. అందుకే కుస్కోలోనూ పక్కన పిసాక్ లోయలోనూ తీరిగ్గా ఉన్నాం, ఎత్తు జబ్బు రాకుండా డాక్టరు రాసిచ్చిన డయమాక్స్ మాత్రలు వేసుకున్నాం, కోకా ఆకుల టీ తాగాం, ఎక్కువ నడవలేదు. మా అందరిలోకీ గట్టివాడు తమ్ముడే, హాఫ్ మారథాన్లు పరిగెత్తేవాడు. ఎత్తు జబ్బుకి కండలు, వయసు, స్టామినా ఏవీ పట్టవని డాక్టర్లు చెప్తూనే ఉంటారు. పక్కనే ఉన్న నాలాంటి ఆయాసం మనిషిని వదిలేసి అది వాణ్ణే పట్టుకుంది.

మొదటి థాంక్స్ న్యూజెర్సీలో ఉండే అక్కకి. మేం ట్రెక్ బుక్ చేసేటప్పుడు ఆవిడ ఫొటోలూ హోటళ్లూ ఏమీ చెప్పలేదు. "ఎమర్జెన్సీ గుర్రం ఉంటుందా, ఆక్సిజన్ సిలిండర్ ఉంటుందా, ఎవరికైనా బాగోకపోతే కిందికి దిగాలని తేల్చేది ఎవరు, ఈ మూడూ అడుగు, సరిగ్గా చెప్పనివాళ్లతో వెళ్లకు" అంది. తక్కువ రేటుకి తీసుకెళ్తామన్న ఒకాయన గుర్రం అనగానే నవ్వాడు, ఆయన్ని అక్కడే వదిలేశాం. ఆ గుర్రం లేకపోతే ఈ పోస్టు ఇలా ఉండేది కాదు.

అవుసంగాతెకోచ అనే చెరువు దగ్గర టెంట్లు వేసుకున్న రాత్రి మొదలైంది. పగలంతా కాస్త తలనొప్పి అన్నాడు, అది అందరికీ ఉంది. రాత్రి అన్నం వద్దన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, తర్వాత నేను అడిగినదానికి ఒకటికి ఒకటి సంబంధం లేకుండా జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. నేను గైడుని లేపాను. ఆయన ముందు వేలికి ఆక్సీమీటర్ పెట్టాడు (కరోనా టైమ్‌లో మనందరి ఇళ్లలో ఉన్నదే), తర్వాత బయటికి తీసుకొచ్చి, టార్చి వెలుతురులో నేల మీద తాడు పరిచి, ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే పక్కకి ఒరిగిపోయాడు. గైడు ఇంక ఏమీ అడగలేదు, మాతో చర్చించలేదు, "ఇప్పుడే దిగుతున్నాం" అన్నాడు. టైమ్ చూస్తే అర్ధరాత్రి దాటింది. తెల్లవారేదాకా ఆగుదామా అని నేనన్నాను, మెదడులో నీరు చేరడం మొదలైతే తెల్లవారడం కోసం ఆగేది ఉండదు అని మెల్లగానే చెప్పాడు. ఇంజెక్షన్ చేశాడు, ఆక్సిజన్ పెట్టాడు, శాటిలైట్ యంత్రం నుంచి కింద ఉన్న పితుమార్క అనే ఊరికి కారు కోసం మెసేజ్ పంపాడు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. నాకు టెన్షన్‌తో చేతులు వణుకుతుంటే నా జాకెట్ జిప్పు కూడా ఆయనే పెట్టాడు.

ఇక గుర్రాల పెద్దాయన. ఆయన్ని అర్రియెరో అంటారు, సామాన్లు మోసే గుర్రాలు ఆయనవే, ఆ కొండల్లోనే పుట్టినవాడు. స్పానిష్ కూడా అంతంతమాత్రం, ఆ కొండలవాళ్ల భాష క్వెచువానే. పదిహేనేళ్ల కొడుకు ఆయనతో వచ్చాడు. నిద్రలోంచి లేపితే ఒక్క మాట మాట్లాడకుండా గుర్రానికి జీను కట్టి, తన పొంచో (తల దూర్చి వేసుకునే కంబళి) తీసి తమ్ముడికి తొడిగి, నడుముకి తాడు వేసి జీనుకి కట్టాడు. కొడుకు ఒకవైపు, గైడు ఒకవైపు పట్టుకున్నారు, ఆయన ముందు పగ్గం పట్టుకుని నడిచాడు. కాళ్లకి టైరు చెప్పులు. నిజంగా పాత టైర్లు కోసి చేసినవి, ఆ చలిలో మేజోళ్లు కూడా లేవు. నేను మూడు పొరల బట్టలేసుకుని వెనకే వణుకుతూ వెళ్లాను.

ఒక విషయం చూశాను, అది మాత్రం మర్చిపోలేను. దారిలో చిన్న వాగులు, పైన అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. ప్రతి వాగు దగ్గరా ఆయన ముందు తను వెళ్లి మడమతో ఆ మంచుని పగలగొట్టేవాడు, పగలని చోట గట్టు మీద మట్టి దోసిట్లో తెచ్చి చల్లేవాడు, గుర్రం జారకుండా. తర్వాతే పగ్గం లాగేవాడు. ఫోన్ టార్చి పళ్లతో పట్టుకుని రెండు చేతులతో మట్టి తవ్వుతున్నాడు. ఎక్కడా హడావిడి లేదు, ఎక్కడా ఆగిందీ లేదు. ఒక మెట్ట దగ్గర మాత్రం అర నిమిషం నిలబడి, సంచిలోంచి మూడు కోకా ఆకులు ఏరి, వేళ్ల మధ్య పేర్చి, కొండవైపు తిరిగి ఊదాడు. మళ్లీ నడక.

దిగినకొద్దీ తమ్ముడి మాట తెలుస్తోంది. తెల్లారేసరికి చిల్కా అనే ఊరు చేరాం, సుమారు 4,300 మీటర్లు, అది వాళ్ల ఊరే, కారు వచ్చే మట్టిరోడ్డు అక్కడిదాకా ఉంది. వాంతులు ఆగాయి, నన్ను గుర్తుపట్టి "అక్కా, కుక్కర్ ఏమైంది" అన్నాడు. (మా వంటాయన ప్రెషర్ కుక్కర్ మోసుకొచ్చాడు, ఆ ఎత్తులో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపటికీ పలుకుగానే ఉంటుంది. వీడికి ఆ కుక్కర్ అంటే ప్రాణం.) అప్పుడు ఏడ్చాను, అంతవరకూ రాలేదు.

కారు కోసం పెద్దాయన ఇంట్లో కూర్చున్నాం. వాళ్లావిడ నన్ను ఎవరు, ఏమిటి అని అడగలేదు, తమ్ముణ్ణి అల్పాకా తోళ్ల మీద పడుకోబెట్టింది, మున్యా ఆకు టీ ఇచ్చింది, అది పుదీనా వాసనలా ఉంటుంది, ఉడికించిన బంగాళాదుంపలు తువ్వాలులో మూటకట్టి నా ఒళ్లో పెట్టింది, వేడికి చేతులు కాచుకోవడానికో తినడానికో తెలియలేదు, రెండూ చేశాను. కొన్ని తెల్లగా, కొన్ని ఊదారంగు, ఒకటి పైన్ చెట్టు కాయలా కణుపులు కణుపులు. ఆండీస్ కొండల్లో 4,000 రకాలకు పైనే బంగాళాదుంపలు ఉన్నాయట, మనకి వేపుడుకి దొరికేది ఒకటో రెండో.

తమ్ముడు నిద్రపోయాక ఆవిడ వాకిట్లో మగ్గం ముందు కూర్చుంది. మాది పోచంపల్లి దగ్గర నేతవాళ్ల ఇల్లు, మా నాయనమ్మ ఆసు పోసిన చేయి, కాబట్టి నా కళ్లు అక్కడికే వెళ్లాయి. గుంట లేదు, చట్రం లేదు. పడుగు ఒక చివర నేలలో పాతిన గుంజకి, ఇంకో చివర ఆవిడ నడుముకి కట్టిన పట్టీకి. ఆవిడ వెనక్కి వాలితే పడుగు బిగుసుకుంటుంది, ముందుకి వంగితే వదులవుతుంది. మన చిటికీలో (ఇక్కత్ నేతలో) నూలుని ముందే కట్టి రంగు వేస్తాం, డిజైను మగ్గం ఎక్కకముందే దారంలో ఉంటుంది. ఇక్కడ కాగితం లేదు, గీత లేదు, పడుగు పోగుల్ని వేళ్లతో ఏరి ఎత్తుతూ, లామా ఎముకతో చేసిన పుల్లతో పేకని దగ్గరికి కొడుతూ పోతోంది, లెక్కంతా తలలోనే. ఎరుపు రంగు నాగజెముడు మీద పెరిగే పురుగుల్ని ఎండబెట్టి నూరితే వస్తుంది, కింద లోయల నుంచి కొనుక్కొస్తారని గైడు చెప్పాడు. నేను మగ్గం దగ్గర కూర్చుని పోగు తెగిన చోట ముడి వేయబోతే ఆవిడ నా వేళ్లు చూసి నవ్వింది, జరిగి చోటిచ్చింది. మాటలు లేకుండా గంటసేపు కూర్చున్నాం. నాకు ఆ గంటసేపు ఎంత అవసరమో ఆవిడకి తెలుసో లేదో తెలియదు.

పెద్దాయన బయట కూర్చుని కొండని చూపించి ఏదో చెప్పాడు. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు మంచు ఇంకా కిందిదాకా ఉండేదట, ఇప్పుడు పైకి పోతోందట. పెరూలో గత 60 ఏళ్లలో మంచుకొండల విస్తీర్ణం సగానికి పైగా తగ్గిపోయింది, పేపర్లో చదివితే అదొక వార్త. ఇక్కడ ఆ మంచు కరిగిన నీళ్లతోనే తడిగడ్డి పెరుగుతుంది, అల్పాకాలు బతికేది దాని మీద, ఈ ఇల్లు బతికేది అల్పాకాల మీద. అందుకే సీజన్‌లో గుర్రాలతో ట్రెక్కులకి వస్తున్నాడు. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు పెద్దగా ఉండవు, మాలాంటివాళ్లు వచ్చేదీ అప్పుడే.

కారు వచ్చింది, పితుమార్క మీదుగా కుస్కో. సిగ్నల్ రాగానే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేశాను. మొదట మాట్లాడినావిడ ఏ వీధి, పిన్‌కోడ్ ఎంత అంది. కంపెనీ పేరు ఎందుకులెండి, తర్వాత మాట్లాడినాయన సరిగ్గానే చేశాడు. మీరు పాలసీ తీసుకునేటప్పుడు ఎంత ఎత్తుదాకా కవర్ అవుతుందో చదవండి, చాలావాటిలో 4,000 మీటర్ల చుట్టుపక్కల గీత గీసేస్తారు, మాకు అదనంగా డబ్బు కట్టి తీసుకున్నది పనికొచ్చింది.

కుస్కోలో ఆసుపత్రి డాక్టరమ్మకి, రాత్రంతా చూసుకున్న నర్సులకి థాంక్స్. వాళ్లకి ఇంగ్లిష్ కొంచెం, మాకు స్పానిష్ సున్నా. అక్కడ కాపాడింది మందుల కంపెనీ పని మీద లిమాలో ఉండే మన తెలుగబ్బాయి. ఎవరో గ్రూపులో నా మెసేజ్ చూసి వాళ్ల ఫ్రెండ్‌కి పంపితే, ఆ ఫ్రెండ్ ఇతనికి పంపాడు. నేనెవరో తెలియదు, "అక్కా, స్పీకర్‌లో పెట్టండి" అని, డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా తెలుగులో చెప్పి, అమ్మకి కూడా తనే ఫోన్ చేసి భయపడకుండా చెప్పాడు. అమ్మ ఇప్పుడు నాకంటే ఎక్కువగా అతనికే ఫోన్ చేస్తోంది. మధ్యమధ్యలో కరీంనగర్ నుంచి రిపోర్టులు చూసి చెప్పిన డాక్టరన్నకి కూడా, మీకు అది తెల్లవారుజాము అని నాకు తర్వాత తట్టింది.

ఇంకా ఎత్తు తగ్గాలంటే ఉరుబంబ లోయకి వెళ్లి ఉండమన్నారు, 2,900 మీటర్ల లోపు. ఉన్నాం. తమ్ముడు మాచు పిచ్చు కూడా చూశాడు, అది ఇంకా కిందే, 2,430. మిగతావాళ్లు అసిస్టెంట్ గైడుతో నడక పూర్తి చేసి, పచ్చాంతలో వేడినీళ్ల బుగ్గల్లో స్నానం చేసి వచ్చి మాకు ఫొటోలు చూపించి ఏడిపించారు. మా వదిన శాకాహారి, ఆవిడకి ఆకలి తెలియనివ్వని వంటాయనకి ఆవిడ తరఫున కూడా థాంక్స్. అక్కడ మాంసం వద్దంటే చికెన్ పెడతారు, అది వేరే లెక్క వాళ్లకి, కోడి కూడా వద్దని విడిగా చెప్పుకోవాలి. ఈయనకి ఒక్కసారి చెబితే చాలింది, చివరిదాకా కినోవా సూపు, చిక్కుడు గింజలు. మా గోంగూర పచ్చడి నాకి చూసి, తన రాతి మీద నూరిన మిరపకాయ పచ్చడి పక్కన పెట్టాడు, ఏది గొప్పదో ఇంకా తేలలేదు.

పెద్దాయనకి మేం ఇచ్చిన డబ్బు ఆయన మామూలుగానే తీసుకున్నాడు, వద్దనలేదు, ఆయన పనికి ఆయన కూలి అది. వెళ్లేవాళ్లు మాత్రం టిప్పు ఆయన చేతికే ఇవ్వండి, చిన్న నోట్లుగా, అక్కడి డబ్బు సోల్స్‌లో. డాలర్లయితే కాస్త చిరిగినా అక్కడ ఎవరూ తీసుకోరు.

చివరిగా ఒక సాయం. పెద్దాయనకి రెండు హెడ్‌లాంపులు, మేజోళ్లు, ఆ అబ్బాయికి ఫుట్‌బాల్ షూ కొన్నాను, సైజు 40 అని గైడు కనుక్కుని చెప్పాడు. ఇక్కడ డాలస్‌లో నా దగ్గరే ఉన్నాయి. ఈ సీజన్‌లో ఎవరైనా కుస్కో వెళ్తుంటే మెసేజ్ పెట్టండి, రెండు కిలోలు కూడా ఉండదు, కుస్కోలో గైడు వచ్చి తీసుకుంటాడు.